ఆన్‌లైన్ బ్రిడ్జి, బిడ్డింగ్ కన్వెన్షన్లు: కర్నూలు, అనంతపురం, కడప ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రమ్మీ చిన్నప్పటి నుంచి ఆడుతున్నాం. బ్రిడ్జి తొందరగా వస్తుందా?

ముక్కలు ఆడటం తొందరగా పట్టుబడుతుంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకునే అలవాటు మీకు ఇప్పటికే ఉంది, అది బ్రిడ్జిలో చాలా పనికొస్తుంది. ఇబ్బందంతా బిడ్డింగ్, అంటే వేలంపాట దగ్గరే. రమ్మీలో ఎవరి చేయి వాళ్లది. బ్రిడ్జిలో ఎదురుగా కూర్చున్న మనిషి చేతిలోని 13 ముక్కలు కూడా మీవే, కానీ అవి మీకు కనపడవు. వాటిలో ఏముందో వేలంపాటలోనే తెలుసుకోవాలి.

ఆట స్వరూపం ఇది: నలుగురు, రెండు జోడీలు, 52 ముక్కలు, జోకర్ లేదు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు, దాన్నే ట్రిక్ అంటారు. మొత్తం 13 ట్రిక్కులు. ముందు పాట జరుగుతుంది. ఎక్కువకు పాడిన జోడీలో ఆ తురుపు పేరును మొదట ఎత్తినవాళ్లు డిక్లేరర్. వాళ్ల ఎడమ చేతివైపు వాళ్లు మొదటి ముక్క వేస్తారు. తర్వాత డిక్లేరర్ పార్ట్‌నర్ తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేస్తాడు, అతనే డమ్మీ. అక్కడి నుంచి రెండు చేతులూ డిక్లేరరే ఆడతాడు.

'2 ఇస్పేటు' అంటే రెండు ట్రిక్కులా?

కాదు, ఎనిమిది. పాడిన అంకెకు ఆరు కలపాలి. 1 అంటే 7 ట్రిక్కులు, 7 అంటే మొత్తం 13. రంగుల వరస కింది నుంచి పైకి కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు. అన్నింటికంటే పైన తురుపు లేని ఆట, అంటే నోట్రంప్. కాబట్టి 1 ఇస్పేటు మీద ఆఠీను పాడాలంటే 2కు వెళ్లక తప్పదు.

పాయింట్లు ఎలా లెక్కపెట్టాలి? ఎన్ని ఉంటే ఎంతవరకు పాడొచ్చు?

ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పేక మొత్తంలో 40 ఉంటాయి. ఒక్కొక్కరికి సగటున 10.

నోట్రంప్‌లో ట్రిక్‌కు 30 చొప్పున, మొదటిదానికి మాత్రం 40. ఇస్పేటు, ఆఠీను ట్రిక్‌కు 30. డైమను, కళావరు 20. పాడిన ట్రిక్కుల విలువ 100కు చేరితే 'గేమ్'. అందుకే 3 నోట్రంప్, 4 ఆఠీను, 4 ఇస్పేటు, 5 డైమను, 5 కళావరు గేములవుతాయి. గేమ్ పాడి గెలిస్తే బోనస్ 300, వల్నరబుల్ (లాభనష్టాలు రెండూ ఎక్కువగా ఉండేలా ఆ పంపకానికి ముందే నిర్ణయమైన స్థితి) అయితే 500. గేమ్ కంటే తక్కువ పాడి గెలిస్తే వచ్చే బోనస్ 50 మాత్రమే. 2 నోట్రంప్ పాడి తొమ్మిది ట్రిక్కులు చేస్తే 150, 3 పాడి అవే తొమ్మిది చేస్తే 400. పాటకు అంత ప్రాముఖ్యం ఉన్నది ఈ తేడా వల్లే.

ఇద్దరికీ కలిపి 25 ఉంటే 3 నోట్రంప్‌కో, 4 ఇస్పేటు లేదా ఆఠీనుకో వెళ్లండి. 5 డైమనుకు, 5 కళావరుకు సుమారు 28, 29 కావాలి. అందుకే అనుభవజ్ఞులు వాటిని వీలైనంతవరకు తప్పించి నోట్రంప్ ఆడతారు. 12 ట్రిక్కుల స్లామ్‌కు 33, 13 ట్రిక్కులకు 37.

కన్వెన్షన్ అంటే ఏంటి? ఎన్ని నేర్చుకోవాలి?

పాడిన రంగు ఉందని కాకుండా ఇంకేదో చెప్పడానికో, అడగడానికో వాడే బిడ్డు కన్వెన్షన్. పార్ట్‌నర్ 1 నోట్రంప్ అన్నాక మీరు 2 కళావరు అంటే మీ దగ్గర కళావరు ఉందని కాదు. 'నీ దగ్గర నాలుగు ముక్కల ఇస్పేటో ఆఠీనో ఉందా?' అని అడుగుతున్నారు. దీని పేరే స్టేమన్.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కన్వెన్షన్ మీకు తెలిస్తే చాలదు. మీ పార్ట్‌నర్‌కు తెలియాలి, అదే అర్థంలో తెలియాలి, ఆ తర్వాతి రెండు బిడ్డుల అర్థం కూడా ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి. పాతిక కన్వెన్షన్ల పేర్లు తెలిసిన జోడీ కంటే నాలుగింటిని అటూఇటూ పూర్తిగా మాట్లాడుకున్న జోడీయే గెలుస్తుంది. మొదటి ఆరు నెలలకు స్టేమన్, జాకోబీ ట్రాన్స్‌ఫర్, టేకౌట్ డబుల్, బ్లాక్‌వుడ్ సరిపోతాయి. అవి కూడా సహజమైన బిడ్డింగ్ కుదిరాకే.

సహజమైన బిడ్డింగ్‌లో ముందు ఏవి రావాలి?

ఆన్‌లైన్‌లో కొత్తవాళ్లు ఎక్కువగా ఒప్పుకునే పద్ధతి స్టాండర్డ్ అమెరికన్ యెల్లో కార్డ్. టేబుల్ దగ్గర దీన్ని 'SAYC' అని రాస్తారు, ఇక్కడ 'సేక్' అంటున్నాం. అందులో ఓపెనింగులు, అంటే పాటను మొదలుపెట్టే బిడ్డులు ఇవి:

- 1 ఆఠీను, 1 ఇస్పేటు: కనీసం ఐదు ముక్కలు, సుమారు 12 నుంచి 21 పాయింట్లు.
- 1 డైమను, 1 కళావరు: ఐదు ముక్కల పెద్ద రంగు (ఆఠీను లేదా ఇస్పేటు) లేనప్పుడు. రెండింటిలో పొడుగున్నది పాడాలి. నాలుగు నాలుగు ఉంటే డైమను, మూడు మూడు ఉంటే కళావరు.
- 1 నోట్రంప్: 15 నుంచి 17, సమంగా పరచుకున్న చేయి (4-3-3-3, 4-4-3-2, 5-3-3-2).
- 2 నోట్రంప్: 20, 21.
- 2 కళావరు: 22, ఆపైన. కళావరు ఉందని కాదు, బలమైన చేయి అని.
- 2 డైమను, 2 ఆఠీను, 2 ఇస్పేటు: బలహీనం. ఆరు ముక్కలు, 5 నుంచి 11 పాయింట్లు.

పార్ట్‌నర్ ఒకటిలో ఓపెన్ చేస్తే 6 పాయింట్లతో జవాబు చెప్పాలి. అతని ఆఠీనుకో ఇస్పేటుకో మీ దగ్గర మూడు ముక్కలుంటే 6 నుంచి 9 తో రెండుకు ఎత్తండి, 10, 11 తో మూడుకు ఎత్తండి. మద్దతు లేకపోతే ఒకటిలో కొత్త రంగు. రెండులో కొత్త రంగు పాడాలంటే 10 కావాలి. 6 నుంచి 9 ఉండి ఒకటిలో చెప్పే రంగు లేకపోతే 1 నోట్రంప్.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది 15-17 దగ్గరే. 14 ఉన్నా, 18 ఉన్నా 'దగ్గర్లోనే ఉంది కదా' అని 1 నోట్రంప్ అనేస్తారు. పార్ట్‌నర్ లెక్కంతా ఆ మూడు అంకెల మీదే నడుస్తుంది. ఒక్క పాయింటు తేడాతో గేమ్ పోతుంది, లేదా లేని గేమ్‌లో ఇరుక్కుంటారు.

స్టేమన్ ఎప్పుడు వాడాలి?

పార్ట్‌నర్ 1 నోట్రంప్ అన్నప్పుడు మీ దగ్గర కనీసం 8 పాయింట్లు, నాలుగు ముక్కల ఇస్పేటో ఆఠీనో ఉంటే. రెండూ కావాలి.

ఈ చేయి చూడండి: ఇస్పేటు ఆసు, 10, 7, 4, ఆఠీను రాజు, 6, డైమను రాణి, 9, 8, 3, కళావరు జాకీ, 7, 2. మొత్తం 10. 2 కళావరు అడగండి. జవాబులు మూడే: 2 డైమను అంటే నాలుగేసి ముక్కల పెద్ద రంగు ఏదీ లేదు, 2 ఆఠీను అంటే ఆఠీను ఉంది (ఇస్పేటు కూడా ఉండొచ్చు), 2 ఇస్పేటు అంటే ఇస్పేటు ఉంది, ఆఠీను లేదు. 2 ఇస్పేటు వస్తే 4 ఇస్పేటు పాడండి. మిగతా రెండింటికీ 3 నోట్రంప్. మీకు ఆఠీను అక్కర్లేదంటే స్టేమన్ అడిగింది ఇస్పేటు కోసమేనని ఓపెనర్‌కు అర్థమవుతుంది. అతని దగ్గర రెండూ ఉంటే తనే 4 ఇస్పేటుకు మారుస్తాడు.

అదే చేతిలో 8, 9 ఉంటే చివర్లో 3 బదులు 2 నోట్రంప్. ఓపెనర్‌కు 17 ఉంటే పైకి వెళ్తాడు, 15 ఉంటే ఆగుతాడు.

4 పాయింట్లతో స్టేమన్ అడగడం మామూలుగా జరిగే తప్పు. జవాబు వచ్చాక ఎక్కడికీ వెళ్లలేక 2 నోట్రంప్‌లో పడిపోతారు.

ట్రాన్స్‌ఫర్ ఎందుకు? నేరుగా 2 ఇస్పేటు అనొచ్చు కదా?

రెండు కారణాలు. మొదటిది, 15-17 ఉన్న చేయి మూసి ఉంటుంది, బలహీనమైన చేయి బల్ల మీద పరచుకుంటుంది. మొదటి ముక్క బలమైన చేతి వైపుకు వచ్చి పడుతుంది, దానివల్ల తరచు ఒక ట్రిక్ కలిసొస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం: పార్ట్‌నర్ ఒప్పుకున్నాక మీకు మరో బిడ్డు దొరుకుతుంది. నేరుగా 2 ఇస్పేటు అంటే ఆట అక్కడే ఆగిపోతుంది.

ఐదు ఆఠీనులుంటే 2 డైమను పాడండి, ఓపెనర్ 2 ఆఠీను అనాలి. ఐదు ఇస్పేట్లుంటే 2 ఆఠీను, ఓపెనర్ 2 ఇస్పేటు అనాలి. పాయింట్లతో పనిలేదు, సున్నా ఉన్నా సరే.

ఇస్పేటు జాకీ, 9, 7, 6, 5, 3. ఆఠీను 8, 4. డైమను 10, 6, 2. కళావరు 7, 3. ఒక్కటే పాయింటు. 1 నోట్రంప్‌లో వదిలేస్తే ఈ చేయి ఒక్క ట్రిక్ కూడా ఇవ్వకపోవచ్చు. ఇస్పేటు తురుపైతే మూడో నాలుగో ఇస్తుంది. 2 ఆఠీను అనండి, అతను 2 ఇస్పేటు అంటాడు, పాస్ చేయండి.

ఐదు ముక్కలతో 8, 9 ఉంటే ట్రాన్స్‌ఫర్ తర్వాత 2 నోట్రంప్, 10 నుంచి 15 దాకా ఉంటే 3 నోట్రంప్. ఆరు ముక్కలుంటే అదే రంగు మూడుకో నాలుగుకో.

ఓపెనర్ మర్చిపోయి 2 డైమను మీద పాస్ చేయడమే ఈ కన్వెన్షన్‌లో పెద్ద ప్రమాదం. మూడు డైమన్లతో ఎనిమిది ట్రిక్కుల కోసం తంటాలు పడాలి. అందుకే జోడీ కట్టిన రోజే 'ట్రాన్స్‌ఫర్ ఆడుతున్నామా లేదా' అని తేల్చుకోండి. మధ్యలో ప్రత్యర్థి డబుల్ (గెలుపోటముల విలువ పెంచే పిలుపు) చేసినా, తన రంగు పాడినా ట్రాన్స్‌ఫర్ ఉంటుందా పోతుందా అన్నదీ తేల్చుకోవాలి. డబుల్ చేస్తే ఉంటుంది, రంగు పాడితే పోతుంది అనుకోవడం కొత్త జోడీకి తేలిక.

డబుల్ అంటే ప్రత్యర్థిని శిక్షించడమే కదా?

పై స్థాయిలో, గేమ్ పాడాక అవును. మొదట్లోనే ప్రత్యర్థి 1 ఆఠీను ఓపెన్ చేయగానే మీరు డబుల్ అంటే అర్థం పూర్తిగా వేరు: 'నా దగ్గర ఓపెన్ చేసేంత బలం ఉంది, ఆఠీను తక్కువ, మిగతా మూడు రంగులూ ఉన్నాయి, నీకు నచ్చింది చెప్పు.' ఇదే టేకౌట్ డబుల్.

ఇస్పేటు రాజు, జాకీ, 8, 4, ఆఠీను 6, డైమను ఆసు, 10, 7, 3, కళావరు ఆసు, 9, 5, 2. పన్నెండే పాయింట్లు, అయినా టేకౌట్ డబుల్‌కు ఇంతకంటే మంచి చేయి దొరకదు. అదే 15 పాయింట్లున్నా నాలుగు ఆఠీనులు, రెండే ఇస్పేట్లు ఉంటే డబుల్ వద్దు. పార్ట్‌నర్ ఇస్పేటు పాడతాడు, మీ దగ్గర ఉండదు.

పార్ట్‌నర్ జవాబు చెప్పే తీరాలి. 'నా దగ్గర రెండే పాయింట్లు, నేనేం పాడేది' అని పాస్ చేస్తే 1 ఆఠీను డబుల్ అయి ప్రత్యర్థి హాయిగా గెలుచుకుపోతాడు. 0 నుంచి 8 దాకా మామూలుగా రంగు చెప్పండి, 9 నుంచి 11 ఉంటే ఒక మెట్టు దూకి చెప్పండి. ప్రత్యర్థి రంగే మీ దగ్గర ఐదారు మంచి ముక్కలుంటే మాత్రం పాస్ చేయొచ్చు.

బ్లాక్‌వుడ్‌తో ఎందుకు ఇన్నిసార్లు మునుగుతున్నాం?

స్లామ్ ఉందా లేదా అని తెలుసుకోవడానికి దాన్ని వాడుతున్నారు గనక. అది అందుకు కాదు. స్లామ్‌కు బలం ఉందని ముందే తేలాక, రెండు ఆసులు లేని స్లామ్‌లో పడకుండా ఉండటానికి వాడాలి.

తురుపు కుదిరాక 4 నోట్రంప్ అడిగితే: 5 కళావరు అంటే ఆసులు 0 లేదా 4, 5 డైమను 1, 5 ఆఠీను 2, 5 ఇస్పేటు 3. చేతిలో ఒక రంగు అసలే లేనప్పుడు అడగొద్దు. ఆసు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది గానీ ఏ రంగువో తెలియదు. ఏదైనా రంగులో రాజు కూడా లేకుండా రెండు చిన్న ముక్కలున్నా వద్దు. తురుపు కళావరైతే ఇంకా జాగ్రత్త: 5 డైమను జవాబు రాగానే 5 కళావరు దాటిపోయినట్టే, ఇక ఆరుకు వెళ్లక తప్పదు.

ఇంకో గొయ్యి: పార్ట్‌నర్ 1 నోట్రంప్ అనగానే మీరు 4 నోట్రంప్ అంటే అది ఆసుల ప్రశ్న కాదు. '17 ఉంటే ఆరుకు వెళ్లు, 15 ఉంటే ఆగు' అని ఆహ్వానం.

తురుపు రాజును ఐదో ఆసుగా లెక్కపెట్టే రోమన్ కీకార్డ్ పద్ధతి మెరుగైనదే. దాన్లో 5 కళావరు, 5 డైమను జవాబులు రెండు రకాలుగా ఉన్నాయి: ఒక రకంలో కళావరు అంటే 0 లేదా 3, ఇంకో రకంలో 1 లేదా 4. ఏది ఆడుతున్నారో తేల్చుకోకుండా మొదలుపెట్టొద్దు.

ఎక్కడ ఆడాలి? ఏం కావాలి?

బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్, అంటే బీబీఓ, మొదలుపెట్టడానికి సరైన చోటు. పేరు నమోదు ఉచితం, బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ నడుస్తుంది, డేటా చాలా తక్కువ తింటుంది. ఫోన్ చిన్న తెరమీద డమ్మీ ముక్కలు పొరపాటున తగులుతాయి, వీలైతే ల్యాప్‌టాప్ వాడండి. సెట్టింగుల్లో బిడ్డుల్నీ ముక్కల్నీ ఖాయం చేసే ఆప్షన్లు ఉంటాయి. మొదటి రోజే రెండూ ఆన్ చేసుకోండి, వేలు జారి 7 నోట్రంప్ పాడే ప్రమాదం తప్పుతుంది. మొహాలు చూస్తూ మాట్లాడుకుంటూ ఆడాలనుంటే రియల్‌బ్రిడ్జ్, దానికి కెమెరా, నికరమైన కనెక్షన్ కావాలి. రోబోలతో ఒంటరిగా ఆడేవాళ్లకు ఫన్‌బ్రిడ్జ్ కూడా ఉంది.

రోబోలతో ఆడితే నేర్చుకోగలమా?

బాగా. బీబీఓ రోబో టేబుల్‌లో బిడ్డు ఖాయం చేసేముందు దాన్ని రోబో ఎలా అర్థం చేసుకుంటుందో తెరమీద కనపడుతుంది, ఎన్ని పాయింట్లు, ఎన్ని ముక్కలు అన్నది సహా. చదివాకే నొక్కండి.

ఒక తేడా తెలియకపోతే మాత్రం తల తిరుగుతుంది. రోబోలు ఆడేది సేక్ కాదు, 'టూ ఓవర్ వన్'. పార్ట్‌నర్ రోబో 1 ఇస్పేటు అన్నాక మీరు 2 కళావరు అంటే సేక్‌లో 10 చాలు. రోబో దృష్టిలో అది గేమ్ దాకా ఆగకూడదన్న హామీ. 10, 11 తో అలా పాడితే అది మిమ్మల్ని ఓడిపోయే 3 నోట్రంప్‌కు లాక్కెళ్తుంది. అలాంటి చేతులకు అక్కడ ముందు 1 నోట్రంప్ అనాలి.

మేం ముగ్గురం కడపలో, నాలుగో మనిషి కర్నూల్లో. ఎలా?

బీబీఓలో మీరే టేబుల్ తెరిచి, నలుగురి పేర్లతో సీట్లు కేటాయించండి. బయటివాళ్లు కూర్చోకుండా అనుమతి పెట్టే ఆప్షన్ ఉంది. ఆటలోకి దిగకముందు ఒకట్రెండు వారాలు జోడీగా బిడ్డింగ్ టేబుల్ వాడండి: ఇద్దరే ఉంటారు, పాట మాత్రమే జరుగుతుంది, వెంటనే తర్వాతి పంపకం. పంపకాలకు షరతులు కూడా పెట్టొచ్చు. ఒకరికి ఎప్పుడూ 15-17 సమమైన చేయి వచ్చేలా పెట్టి ఒక గంట కూర్చుంటే స్టేమన్, ట్రాన్స్‌ఫర్ రెండూ కుదురుకుంటాయి. మామూలు ఆటలో ఇన్ని 1 నోట్రంప్‌లు రావడానికి చాలా రోజులు పడుతుంది.

ఒక్క నియమం: ఆట జరుగుతుండగా జోడీ మధ్య ఫోన్ కాల్ వద్దు, వాట్సాప్ మెసేజ్ వద్దు. ఒకే ఇంట్లో ఉన్న దంపతులు జోడీగా ఆడితే వేరువేరు గదుల్లో కూర్చోండి. మాట్లాడుకుంటే అది మోసం, సైట్లు దాన్ని పట్టించుకుంటాయి. పాట గురించి మాట్లాడాల్సింది పంపకం ముగిశాక.

అలర్ట్ ఎవరు చేయాలి?

అలర్ట్ అంటే బిడ్డుకు ప్రత్యేకమైన అర్థం ఉందని ప్రత్యర్థులకు చెప్పడం. బల్ల దగ్గర పార్ట్‌నర్ చెప్తాడు, ఆన్‌లైన్‌లో బిడ్డు పాడినవాళ్లే చెప్పాలి. బిడ్డు పెట్టేముందు అలర్ట్ నొక్కి, పక్కనున్న గడిలో '5 ఇస్పేట్లు, ట్రాన్స్‌ఫర్' అని అర్థం రాసి, తర్వాత బిడ్డు నొక్కండి. అది ప్రత్యర్థులకే కనపడుతుంది, మీ పార్ట్‌నర్‌కు కాదు. ప్రత్యర్థి బిడ్డు అర్థం కాకపోతే దానిమీద నొక్కి అడగొచ్చు.

తెలియనివాళ్ల టేబుల్‌లో కూర్చుంటే తిట్టి పంపేస్తున్నారు.

ప్రొఫైల్‌లో స్థాయిని బిగినర్ అనే పెట్టండి. గొప్పకు అడ్వాన్స్‌డ్ అని పెట్టినవాళ్లే ఎక్కువ మాటలు పడతారు. కూర్చోగానే 'సేక్, స్టేమన్, ట్రాన్స్‌ఫర్' అని ఒక్క లైను రాయండి. అవతలివాళ్లు ఒప్పుకోని కన్వెన్షన్ వాడొద్దు, వాళ్లకు తెలిసే ఉంటుందిలే అనుకోవద్దు. పంపకం మధ్యలో లేచిపోకండి. మర్యాద లేనివాళ్లను మళ్లీ కలవకుండా బ్లాక్ చేయొచ్చు.

మన సాయంత్రం 7 గంటలంటే అమెరికా తూర్పు తీరంలో వేసవిలో ఉదయం 9:30, చలికాలంలో 8:30. యూరప్‌లో మధ్యాహ్నం. కాబట్టి ఆ వేళ టేబుళ్లకు కొరత ఉండదు.

ఆట మధ్యలో కరెంటు పోతే?

వైఫై రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి, అది తినే కరెంటు చాలా తక్కువ. ఫోన్ హాట్‌స్పాట్ పేరును ముందే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకోండి. తిరిగి లాగిన్ అయితే మామూలుగా అదే టేబుల్‌కు వెళ్తారు. ఎండాకాలం కోతలున్న వేళల్లో టోర్నమెంటులో చేరకండి. మీరు మాయమైతే పార్ట్‌నర్ ఆట కూడా పోతుంది.

ఐఎంపీ, మ్యాచ్‌పాయింట్ స్కోరింగుల్లో పాట మారాలా?

మారాలి. రెండింట్లోనూ మీరు పోటీ పడేది అవే ముక్కలు వేరే టేబుళ్లలో ఆడినవాళ్లతోనే. మ్యాచ్‌పాయింట్‌లో పది పాయింట్లు ఎక్కువ వచ్చినా పూర్తి గెలుపే, కాబట్టి ఒక్క అదనపు ట్రిక్ కూడా ముఖ్యం. ఐఎంపీలో (ఇంటర్నేషనల్ మ్యాచ్ పాయింట్లు) తేడా ఎంతన్నది లెక్క, దాన్ని ఒక పట్టిక ప్రకారం ఐఎంపీలుగా మారుస్తారు.

మీరు వల్నరబుల్, 4 ఆఠీను పాడి గెలిచారు: 620. అవతలి టేబుల్లో 2 ఆఠీనులో ఆగి అవే పది ట్రిక్కులు చేశారు: 170. తేడా 450, మీకు 10 ఐఎంపీలు. ఒక ట్రిక్ తక్కువైతే మీకు మైనస్ 100, వాళ్లకు 140. తేడా 240, పోయేది 6. గెలిస్తే 10, ఓడితే 6 కాబట్టి పదింట్లో నాలుగుసార్లు గెలిచే గేమైనా పాడాల్సిందే. వల్నరబుల్ కాకపోతే ఈ లెక్క 6కు 5 అవుతుంది, సగానికి దగ్గరగా అవకాశం ఉంటేనే వెళ్లండి.

పేకాట అంటే పోలీసుల భయం. బ్రిడ్జి ఆడితే కేసు పెడతారా?

మా సలహా ఒక్కటే: రూపాయి కూడా పందెం పెట్టొద్దు. 1960ల చివర్లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తిస్తూ, దాన్లో అదృష్టం పాలు బ్రిడ్జి పంపకంలో ఉండేలాంటిదే అంది. అది చదివి ధీమాగా పందెం కాయడం పొరపాటు. 2020లో రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తోంది.

బ్రిడ్జికి డబ్బు అవసరమే లేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ పురుషుల జోడీ విభాగంలో స్వర్ణం గెలిచారు. హాంగ్‌ఝౌ క్రీడల్లో మన పురుషుల జట్టుకు రజతం వచ్చింది. ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెప్తే ఈ సంగతి చెప్పండి, ఒక పంపకం పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

బిడ్డింగ్ వచ్చింది, ఆడటంలో ఓడిపోతున్నాం.

డమ్మీ పరచగానే మొదటి ముక్క వేయకండి. నోట్రంప్‌లో ఖాయంగా వచ్చే ట్రిక్కులు లెక్కపెట్టండి, తురుపు ఆటలో పోయే ట్రిక్కులు లెక్కపెట్టండి. కొరత ఎంతో, అది ఏ రంగులోంచి పూడ్చాలో తేలాకే ఆడండి. బీబీఓలో ఉచితంగా ఉన్న బ్రిడ్జ్ మాస్టర్ ఇందుకు చాలా మంచిది. దాన్లో తప్పు దారిలో వెళ్తే ముక్కలు అదృష్టవశాత్తూ కలిసిరావు, సరైన దారి పట్టేదాకా ఓడిస్తూనే ఉంటుంది. మొదటి స్థాయితో మొదలుపెట్టండి.

ఆడిన ఆటల్ని మళ్లీ చూసుకోవచ్చా?

హిస్టరీలో ఉంటాయి. నాలుగు చేతులూ తెరిచి, అవే ముక్కలతో మిగతా టేబుళ్లవాళ్లు ఏ కాంట్రాక్టులో ఆడారో చూడండి. ఎక్కువమంది 4 ఇస్పేటులో ఉండి మీరు 2 లో ఆగితే, ఇద్దరిలో ఎవరు ఏ బిడ్డు దగ్గర బలం చెప్పలేదో పార్ట్‌నర్‌తో కలిసి వెతకండి. దొరికినదాన్ని ఇద్దరికీ అందుబాటులో ఉన్న ఒక నోట్స్‌లో రాసుకోండి: ఏ పాట, ఏ అర్థం అనుకున్నాం, ఇకమీదట ఏ అర్థం. తర్వాతిసారి లాగిన్ అయ్యేముందు ఆ నోట్స్ ఇద్దరూ చదవాలి.